షటిల్ వేగం, హాలు వెలుతురు: లైవ్ కెమెరా లెక్కలు

అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి 2023 ఏప్రిల్ 14న జపాన్‌లో కొట్టిన స్మాష్ గంటకు 565 కిలోమీటర్ల వేగంతో గిన్నిస్ రికార్డుకెక్కింది. అంటే సెకనుకు 157 మీటర్లు. ఆ షటిల్‌ను సెకనుకు 25 ఫ్రేములు తీసే కెమెరాతో చూపిస్తే, ఒక ఫ్రేముకూ తర్వాతి ఫ్రేముకూ మధ్య అది 6.3 మీటర్లు వెళ్లిపోతుంది. బ్యాడ్మింటన్ కోర్టు పొడవే 13.4 మీటర్లు. ఇంట్లో కూర్చుని చూసేవాళ్లకు సగం కోర్టు మాయమైనట్టే. 50 ఫ్రేములైతే ఆ ఖాళీ 3.1 మీటర్లకు తగ్గుతుంది. ఆ 565 రాకెట్ వదిలిన క్షణంలోని వేగం, ఈకల వల్ల షటిల్ వెంటనే నెమ్మదిస్తుంది. పైగా మన జిల్లా స్థాయి పిల్లలు ఇందులో సగం వేగంతోనే కొడతారనుకుందాం. అయినా 25 ఫ్రేములు చాలవు.

హైదరాబాద్ యూసుఫ్‌గూడ కోట్ల విజయభాస్కర రెడ్డి ఇండోర్ స్టేడియంలో ఒక టోర్నమెంటు పెట్టి, ఊళ్లో ఉన్న తాతయ్యకూ డాలస్‌లో ఉన్న మేనమామకూ యూట్యూబ్‌లో చూపించాలనుకునే నిర్వాహకులు కెమెరా షాపుకెళ్లి ముందుగా అడిగేది "4కె ఉందా?" అని. అది ఆఖరున అడగాల్సిన ప్రశ్న. హాల్లో ఎంత వెలుతురుంది, కెమెరా ఎంత దూరంలో నిలబడుతుంది, ఎన్ని గంటలు ఆగకుండా పనిచేయాలి: ఇవి తేలితే ఏ కెమెరా కొనాలో దానంతటదే తేలుతుంది.

ముందు వెలుతురు సంగతి. అదే యూసుఫ్‌గూడ పోలీస్ గ్రౌండ్స్‌లో 2021 డిసెంబర్ 12న 'పుష్ప' సినిమా ప్రీ రిలీజ్ వేడుక జరిగింది. అలాంటి చోట దీపాలు పెట్టేదే కెమెరా కోసం. ఆటల హాల్లో దీపాలు ఆటగాడి కోసం పెడతారు, కెమెరా మిగిలినదానితో సర్దుకోవాలి. యూరప్ ప్రమాణం ఈఎన్ 12193 ప్రకారం పెద్ద స్థాయి బ్యాడ్మింటన్ పోటీకి 750 లక్స్, ప్రాక్టీసుకు 300 లక్స్ ఉండాలి. అది కూడా నేల మీద పడే వెలుతురు. కెమెరాకు కనిపించేది ఆటగాడి ముఖం మీద పడేది, అది ఇంకా తక్కువే ఉంటుంది. అందుకే లెక్కకు 300 తీసుకుందాం.

షట్టర్ సెకనులో 500వ వంతు తెరిచి ఉంచితే 565 కిలోమీటర్ల షటిల్ తెర మీద 31 సెంటీమీటర్ల గీతలా పడుతుంది, 100వ వంతైతే మీటరున్నర గీత. మరి 500వ వంతుకు 300 లక్స్ సరిపోతుందా? ఎఫ్ అంకె ఎంత తగ్గితే లెన్స్ అంత ఎక్కువ వెలుతురు తీసుకుంటుంది. లెన్స్ ఎఫ్ 4 అయితే ఐఎస్‌వో, అంటే సెన్సర్ సున్నితత్వం, 6,500 దాకా పెంచాలి, బొమ్మ మీద ఇసుక చల్లినట్టుంటుంది. ఎఫ్ 2.8 అయితే 3,200 చాలు. ఎఫ్ 1.8 అయితే 1,350 మాత్రమే. కెమెరా బాడీ మార్చడం కంటే లెన్స్ మార్చడం లాభమని నేననేది ఇందుకే. కబడ్డీకి ఈ తిప్పలు లేవు. సెకనుకు 7 మీటర్లు పరుగెత్తే రైడర్ 100వ వంతులో 7 సెంటీమీటర్లే కదులుతాడు.

వెలుతురుకు ఇంకో పేచీ ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి పాతరకం మెటల్ హాలైడ్ దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. 60 ఫ్రేముల్లో 120వ వంతు షట్టర్ పెడితే తెర మీద చారలు పాకుతూ పోతాయి. మెనూలో ఎన్‌టీఎస్‌సీ నుంచి పాల్‌కు మార్చి, 50 ఫ్రేములు, 100వ వంతు షట్టర్ పెడితే చారలు పోతాయి. అంతకంటే వేగమైన షట్టర్ కావాలంటే 50 ఫ్రేముల్లో చారలు ఒకచోట దాదాపు నిలబడతాయి, నెమ్మదిగా జరుగుతాయి. ఎందుకంటే మన గ్రిడ్ కూడా సరిగ్గా 50 మీద నిలవదు, 49.90 నుంచి 50.05 మధ్య ఉంచాలన్నదే నిబంధన. మంచి డ్రైవర్లున్న ఎల్‌ఈడీ దీపాలైతే ఈ గొడవే ఉండదు. ఏ దీపాలున్నాయో ముందురోజే వెళ్లి చూసుకోవాలి.

ఇక దూరం. టీవీలో చూపించినట్టే కెమెరాను బేస్‌లైన్ వెనక, గ్యాలరీలో కాస్త ఎత్తున పెట్టామనుకుందాం. దగ్గరి బేస్‌లైన్‌కు 12 మీటర్లు. కోర్టు వెడల్పు 6.1 మీటర్లు, అటూ ఇటూ కలిపి 8 మీటర్లు కనిపించాలి. సూత్రం చిన్నదే: సెన్సర్ వెడల్పును దూరంతో గుణించి, కనిపించాల్సిన వెడల్పుతో భాగించాలి. ఏపీఎస్-సి సెన్సర్ వెడల్పు 23.5 మి.మీ. గుణించి భాగిస్తే 35 మి.మీ. లెన్స్ వస్తుంది. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ వెడల్పు 36, దానికి 54 మి.మీ. కావాలి.

ఫోన్ ఎందుకు చాలదో కూడా ఇక్కడే తెలుస్తుంది. మామూలు ఫోన్ ప్రధాన లెన్స్ ఫుల్ ఫ్రేమ్ లెక్కలో 26 మి.మీ. అటూ ఇటూ. అదే 12 మీటర్ల నుంచి అది 16.6 మీటర్ల వెడల్పు చూపిస్తుంది. కోర్టు తెరలో మూడో వంతుకు కాస్త ఎక్కువ, మిగతాదంతా కుర్చీలూ గోడలూ. ఆరున్నర సెంటీమీటర్ల షటిల్ 1080 తెర మీద ఏడెనిమిది పిక్సెళ్లు. అవతలి బేస్‌లైన్ దగ్గరికెళ్లేసరికి మూడో నాలుగో మిగులుతాయి. 35 మి.మీ. లెన్స్‌తో అవి రెట్టింపవుతాయి.

ఆ 35 మి.మీ. ఎఫ్ 1.8 లెన్స్‌ను పూర్తిగా తెరిచి, 18.7 మీటర్ల దూరంలోని నెట్ మీద ఫోకస్ పెట్టి లాక్ చేస్తే, 12 మీటర్ల నుంచి 41 మీటర్ల దాకా అంతా స్పష్టంగానే ఉంటుంది. కోర్టు మొత్తం ఆ లోపలే ఉంది. ఆటోఫోకస్ ఎన్ని పాయింట్లన్న ప్రకటనకు ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టనక్కర్లేదు. పైగా ఆటోఫోకస్ ఆన్‌లో ఉంటే మధ్యలో అడ్డొచ్చిన అంపైర్ వీపు వెంట పడుతుంది.

కాబట్టి బ్యాడ్మింటన్‌కు నా మాట: ఏపీఎస్-సి మిర్రర్‌లెస్ బాడీ పాతదైనా సరే, దానికి ఎఫ్ 1.8 లెన్స్. బాస్కెట్‌బాల్ కోర్టు 28 మీటర్లు, ఆట వెంట కెమెరాను తిప్పుతూ జూమ్ చేయాలి. దానికి క్యామ్‌కార్డరే నయం. కానీ మంచి క్యామ్‌కార్డర్‌లో ఉండే ఒక అంగుళం సెన్సర్ విస్తీర్ణం 116 చదరపు మి.మీ., ఏపీఎస్-సిది 367. చీకటి హాల్లో ఆ తేడా కనిపిస్తుంది.

గంటల విషయంలో మిర్రర్‌లెస్‌కు ఒక లోపముంది. చాలా పాత మోడళ్లు 29 నిమిషాల 59 సెకన్లకు రికార్డింగ్ ఆపేస్తాయి. అరగంట దాటి రికార్డు చేస్తే యూరప్‌లో వీడియో కెమెరాగా లెక్కగట్టి ఎక్కువ సుంకం వేసేవారు, దాన్ని తప్పించుకోవడానికి కంపెనీలు పెట్టిన గడువది. 2017 ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో సింధు, ఒకుహారా 110 నిమిషాలు ఆడారు. అలాంటి మ్యాచ్ మూడుసార్లు తెగిపోయేది. కార్డులో రికార్డు చేయకుండా హెచ్‌డీఎంఐ కేబుల్ ద్వారా ల్యాప్‌టాప్‌కు మాత్రమే పంపితే సాధారణంగా ఈ గడువు వర్తించదు. అయితే తెర మీద బ్యాటరీ గుర్తులూ అంకెలూ లేని శుభ్రమైన బొమ్మ బయటికి పంపే మోడల్ కావాలి, బ్యాటరీ బదులు గోడ ప్లగ్గుకు తగిలించే అడాప్టర్ దొరకాలి. మే నెలలో ఏసీ లేని హాల్లో వేడెక్కి ఆగిపోతుందేమో కూడా చూడాలి. ఇవన్నీ కొనకముందే, పక్కనే కృష్ణానగర్‌లో సినిమావాళ్లకు కెమెరాలిచ్చే చోట ఒకరోజు అద్దెకు తెచ్చి పరీక్షించుకోవచ్చు.

మామూలు హెచ్‌డీఎంఐ కేబుల్ 10, 15 మీటర్లు దాటితే నమ్మలేం. ల్యాప్‌టాప్‌ను కెమెరా పక్కనే పెట్టుకుని, ఇంటర్నెట్ తీగను లాక్కోవడం తేలిక, అది 100 మీటర్లు వస్తుంది. 1080లో 50 ఫ్రేములను 6 ఎంబీపీఎస్‌తో పంపితే గంటకు 2.7 జీబీ, ఎనిమిది గంటలకు 21.6 జీబీ. అప్‌లోడ్ వేగం ఆ 6కు రెట్టింపు, కనీసం 12 ఎంబీపీఎస్ ఉంచుకోవాలి. నాలుగు కోర్టులైతే 48. ఫోన్ హాట్‌స్పాట్ పొద్దున పరీక్షించినప్పుడు బాగానే ఉంటుంది, సాయంత్రం ఫైనల్‌కు గ్యాలరీ నిండి అందరూ ఫోన్లు తీశాక చతికిలబడుతుంది. అన్నట్టు, కొత్త యూట్యూబ్ ఛానెల్‌కు లైవ్ అనుమతి రావడానికి 24 గంటల దాకా పడుతుంది. శనివారం టోర్నీ అయితే గురువారమే ఆ బటన్ నొక్కి పెట్టుకోండి.