నాబ్ తిప్పితే స్వరం ఎందుకు జారిపడుతుంది?

ఆర్డ్యునో బోర్డుకు ఒక నాబ్ తగిలించి, యు.ఎస్.బి. తీగతో కంప్యూటరుకు కలిపారనుకుందాం. నాబ్ తిప్పినకొద్దీ స్పీకరులో స్వరం మంద్రం నుంచి తారస్థాయికి పెరగాలి. కానీ పావు వంతు తిప్పేసరికి స్వరం ఒక్కసారిగా కిందికి పడుతుంది. మళ్లీ పెరుగుతుంది, మళ్లీ పడుతుంది. చివరి వరకు తిప్పేలోపు నాలుగుసార్లు ఎక్కి, మూడుసార్లు జారుతుంది. తప్పు నాబ్‌ది కాదు, తీగదీ కాదు.

ఇక్కడ ధ్వనిని తయారుచేసేది ప్యూర్ డేటా. మిల్లర్ పకెట్ 1990లలో రూపొందించిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ప్రోగ్రామును వరుసలుగా రాయరు. తెరపై చిన్న పెట్టెలు పెట్టి గీతలతో కలుపుతారు. అంతకుముందు ప్యారిస్‌లోని ఇర్కామ్ సంస్థలో ఆయనే మొదలుపెట్టిన మాక్స్‌ది కూడా ఇదే తరహా. ప్యూర్ డేటాకు విడిగా చేర్చుకునే ‘కామ్‌పోర్ట్’ అనే పెట్టె సీరియల్ పరికరాలతో మాట్లాడుతుంది. తీగ యు.ఎస్.బి.దే అయినా, బోర్డు మీది ఒక చిప్ వల్ల ఆర్డ్యునో కంప్యూటరుకు పాతకాలపు సీరియల్ పోర్టులాగే కనిపిస్తుంది.

కామ్‌పోర్ట్‌కు తెలిసింది బైట్ ఒక్కటే, అంటే 0 నుంచి 255 వరకు ఒక సంఖ్య. ఆర్డ్యునో యూనో నాబ్‌ను చదివి ఇచ్చే విలువ మాత్రం 0 నుంచి 1023 వరకు ఉంటుంది. దాన్ని ఒక్క బైట్‌గా పంపితే 255 తర్వాత మళ్లీ 0 వస్తుంది. స్వరం పడిపోయేది అక్కడే.

విలువను 4తో భాగించి పంపడం తేలికే. అయితే 1024 మెట్లు 256కు తగ్గిపోతాయి. మంద్రస్థాయిలో ఆ మెట్లు చెవికి తెలిసిపోతాయి. రెండు బైట్లుగా విడగొడితే మరో చిక్కు. 700ను 2, 188 అని పంపవచ్చు, ఎందుకంటే 2ను 256తో హెచ్చించి 188 కలిపితే 700. కానీ దారిలో ఒక్క బైట్ పోయినా, వినడం మధ్యలో మొదలైనా జతలు తారుమారవుతాయి. 188ని ముందు బైట్ అనుకుంటే లెక్క 48,130కి పోతుంది.

1983లో వచ్చిన మిడి ఈ చిక్కును ఎప్పుడో తీర్చింది. అందులో బైట్ 128 గానీ అంతకు మించి గానీ ఉంటే అది ఆదేశం. అంతకు తక్కువైతే దాని వెంట వచ్చే విలువ. ఆ ఎత్తుగడనే ఇక్కడా వాడవచ్చు. 700ను 128తో భాగిస్తే భాగఫలం 5, శేషం 60. భాగఫలానికి 128 కలిపి 133, తర్వాత 60 పంపాలి. 133 కనిపించగానే కొత్త విలువ మొదలైందని ప్యూర్ డేటాలోని ప్రోగ్రాము గుర్తుపడుతుంది. ఒక బైట్ పోయినా ఆ ఒక్క విలువే పాడవుతుంది, తర్వాతివి సరిగ్గానే వస్తాయి.

ఇక వేగం సంగతి. సెకనుకు 9600 బిట్లు పంపితే, ప్రతి బైట్‌కు ముందూ వెనకా ఒక్కో బిట్ చేరుతుంది కాబట్టి వెళ్లేవి 960 బైట్లు, అంటే 480 నాబ్ విలువలు. ధ్వనికి సెకనుకు 44,100 విలువలు కావాలి. మధ్య ఖాళీలను ‘లైన్ టిల్డే’ అనే పెట్టెతో నునుపుగా నింపకపోతే, నాబ్ తిప్పినప్పుడల్లా స్పీకరులో చిటపటలు వినిపిస్తాయి.