సూర్యలంకకు ఏ రాడ్ తీసుకెళ్లాలి? టాప్‌వాటర్ ఫిషింగ్ రాడ్ కొనేముందు చూడాల్సిన అసలు స్పెక్

200 మెగాపిక్సెల్ అని బాక్స్ మీద రాసుంటే ఫొటో అదిరిపోతుందని నమ్మే రోజులు పోయాయి. సెన్సర్ సైజెంత అని అడుగుతున్నాం. కానీ ఫిషింగ్ రాడ్ దగ్గరికొచ్చేసరికి ‘40 టన్ కార్బన్’ స్టిక్కర్ చూసి కార్ట్‌లో వేసేస్తున్నాం. గుంటూరు, ఒంగోలు, నరసరావుపేట కుర్రాళ్లు వీకెండ్‌కి సూర్యలంక, వాడరేవు, కొత్తపట్నం బీచ్‌లకు రాడ్లతో వెళ్లాలంటే ముందు చూడాల్సిన నంబర్ అది కాదు. ల్యూర్ వెయిట్.

టాప్‌వాటర్ ల్యూర్ అంటే నీటి పైనే ఆడే నకిలీ ఎర. ఇందులో ముఖ్యంగా రెండు రకాలు. పాపర్‌కి మూతి గుంటగా ఉంటుంది, లాగితే ‘బ్లప్’మని నీళ్లు చిమ్ముతుంది. స్టిక్‌బెయిట్ సన్నగా, పెన్సిల్‌లా ఉండి గాయపడిన చేపలా అటూ ఇటూ ఊగుతుంది. ఈ ఎర దానంతటది ఏమీ చెయ్యదు. దాన్ని ఆడించేది మీ చెయ్యి, మీ రాడ్. చేప వచ్చి నీటి పైన కొట్టడం కళ్లారా చూడొచ్చు కాబట్టే దీనికింత క్రేజ్.

ఇప్పుడు అసలు విషయం. విసిరేటప్పుడు ఎర బరువుకి రాడ్ స్ప్రింగ్‌లా వంగి, తిరిగి లేస్తూ ఎరని దూరంగా పంపాలి. 30 గ్రాముల పాపర్‌ని 100 గ్రాముల ఎరల కోసం చేసిన రాడ్‌కి కడితే రాడ్ వంగదు. వంగని రాడ్ విసరదు. ఎర మీ ముందున్న అలలోనే పడుతుంది. రివర్స్‌లో, లైట్ రాడ్‌కి 80 గ్రాములు కట్టి గట్టిగా విసిరితే టిప్ పోతుంది. అందుకే ముందు ఎరలు ఎంచుకోండి, తర్వాత రాడ్. మన తీరానికి 20 నుంచి 60 గ్రాముల రేంజ్ సరిపోతుంది. అందులో 40 గ్రాముల చుట్టుపక్కల ఎర వాడితే రాడ్ హాయిగా పనిచేస్తుంది. ఆన్‌లైన్‌లో ఔన్సుల్లో ఇస్తే కంగారొద్దు, ఒక ఔన్స్ అంటే 28 గ్రాములు. ‘మీడియం’, ‘హెవీ’ అనే మాటలు మాత్రం కంపెనీకో రకంగా ఉంటాయి, వాటిని పట్టించుకోకండి.

యూట్యూబ్‌లో అండమాన్ జీటీ వీడియోలు చూసి పీఈ 8 రాడ్ కొనేవాళ్లున్నారు. పీఈ అంటే బ్రెయిడ్ లైన్ మందానికి జపాన్ లెక్క. పీఈ 1 సుమారు 0.165 మిల్లీమీటర్లు, నంబర్ పెరిగేకొద్దీ లైన్ లావు. జీటీ అంటే జెయింట్ ట్రెవల్లీ, మన పార చేపల కుటుంబంలో రాక్షసుడు. 2006లో జపాన్‌లోని తోకారా దీవుల దగ్గర పడిన రికార్డ్ చేప 72.8 కిలోలు. పీఈ 8 రాడ్లు ఆ సైజు చేపల కోసం, పగడపు దిబ్బల మధ్య నుంచి వాటిని బలవంతంగా లాగడం కోసం. బాపట్ల, చీరాల తీరం అలా కాదు. ఇసుక నేల, తక్కువ లోతు. మధ్యరకం పార, పండుగప్ప లాంటి వాటికి పీఈ 2 నుంచి 4 చాలు. పోస్టర్ తెచ్చే పనికి లారీ బుక్ చేసుకుంటారా?

పొడవు మీరు నిలబడే చోటుని బట్టి. బీచ్ నుంచి అయితే 9 నుంచి 10 అడుగులు: అలల అవతలికి పడాలి, లైన్‌ని నురగ పైకి ఎత్తి పట్టుకోవాలి. నిజాంపట్నం వైపు ఫైబర్ బోటులో వెళ్తే 7.5 నుంచి 8 అడుగులు మించొద్దు. పొడవు రాడ్ విసరడానికి మీకు ప్లస్, లాగేటప్పుడు చేపకి ప్లస్. పైగా పక్కవాడి చెవికి గాలం తగులుతుంది. బోట్ ప్లాన్ ఉంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరబోట్లకు వేట నిషేధమని గుర్తుంచుకోండి.

టన్ కార్బన్ సంగతి కూడా చెప్పేద్దాం. నంబర్ పెరిగితే రాడ్ తేలిక, బిగువు, నిజమే. కానీ గోడ పల్చనవుతుంది, దెబ్బకి ఓర్చదు. బస్సు టాప్ మీద, బైక్ పక్కన కట్టి తీసుకెళ్లే మనకి 24 లేదా 30 టన్, రెండు ముక్కల రాడ్ మేలు. ఆ మిగిలిన డబ్బు గైడ్ రింగుల మీద పెట్టండి. ఉప్పు నీటికి ముందు చచ్చేవి అవే. ఫుజీ కంపెనీవి, ఎస్ఐసీ లేదా ఆల్కొనైట్ రింగులైతే బ్రెయిడ్ లైన్ కోత పెట్టదు. ఫ్రేమ్ మీద తుప్పు చుక్క కనిపించిన డిస్‌ప్లే పీస్ వద్దు.

10 వేల బడ్జెట్ అనుకుంటే నా లెక్క: రాడ్‌కి 3,500, 4000 లేదా 5000 సైజు రీల్‌కి 4,000, మిగతాది లైన్, లీడర్, రెండు మూడు ఎరలకి. రాడ్‌కే 8 వేలు తగలేసి రీల్‌లో రాజీపడొద్దు. షిమానో, డైవా, లుకానా ఏదైనా సరే, ముందు రాడ్ మీద ముద్రించిన ల్యూర్ వెయిట్ చదవండి.

ఇంటికొచ్చాక ఒక టెస్ట్. మిర్చి టిక్కీలు తూచే పెద్ద కాటా కాదు, చిన్న స్ప్రింగ్ కాటా తీసుకుని లైన్ కొసకి తగిలించండి. రాడ్‌ని 45 డిగ్రీల్లో పట్టుకోండి, ఫ్రెండ్‌ని కాటా లాగమనండి. 14 కిలోల లైన్ అయితే 4 కిలోల దగ్గర రీల్ లైన్ వదలడం మొదలెట్టాలి. లేకపోతే డ్రాగ్ నాబ్ తిప్పి సరిచేయండి. చేపని ఒడ్డుకి తెచ్చేటప్పుడు మాత్రం రాడ్‌ని నిట్టనిలువుగా ఎత్తకండి, బరువంతా సన్నని టిప్ మీద పడి చాలా రాడ్లు విరిగేది అక్కడే. వారంటీ కూడా సాధారణంగా దానికి రాదు.

ఇంకోటి, ఇది రాడ్ కంటే ముఖ్యం. కార్బన్‌లో కరెంటు పారుతుంది. రొయ్యల చెరువుల గట్ల మీద నుంచి బీచ్‌కి నడుస్తుంటే వైర్లు కిందకి వేలాడుతుంటాయి. అక్కడ రాడ్ ముక్కలు విడదీసి, అడ్డంగా పట్టుకుని వెళ్లండి. ఉరుము వినిపిస్తే రాడ్ కింద పెట్టి ఒడ్డు వదిలి వచ్చేయండి. పండుగప్ప ఎరని కొట్టే టైమైనా సరే.