చేపు: పొదుగునకును మెదడునకును గల సంబంధము

తెల్లవారక పూర్వమే మేము బోడుప్పల్‌లోని ఒక గేదెల పాకకు వెళ్ళితిమి. చుట్టును క్రొత్త కాలనీలు, మేడలు. నడుమ మిగిలిన కొద్దిపాటి స్థలములో నాలుగు గేదెలు. పాలు పిదుకు పెద్దమనిషి దూడ పలుపు విప్పెను. దూడ పొదుగును రెండు మూడు మారులు కుమ్మి చన్ను నోట పట్టెను. కొంతసేపు ఏమియు జరుగలేదు. పిమ్మట ముడుచుకొని యున్న చన్నులు నిండి బిగువెక్కినవి. "చేపింది సారూ" అని అతడు దూడను తల్లి ముందర గుంజకు కట్టి, చెంబుతో కూర్చుండెను.

చేపు అను మాట ఎఱుగని రైతు లేడు. అయితే దూడ నోటికిని చెంబులోని పాలకును నడుమ గేదె మెదడు పని చేయుచున్నదను సంగతి పలువురకు తెలియదు.

దూడ చన్నును చీకగనే ఆ స్పర్శ నరముల గుండ మెదడు అడుగున నుండు హైపోథాలమస్ అను చిన్న భాగమునకు చేరును. అచటి కణములు తయారుచేయు ఆక్సిటోసిన్ అను హార్మోను, దాని క్రింద వ్రేలాడు పిట్యూటరీ గ్రంథి నుండి రక్తములోనికి విడుదల యగును. అది పొదుగును చేరి, పాల తిత్తులను చుట్టియున్న సన్నని కణములను బిగియజేయును. తిత్తులు పిండినట్లై పాలు దిగును. ఆవు పొదుగులో దాదాపు ఐదవ వంతు పాలు ముందుగనే క్రింది భాగమున చేరియుండును. గేదెకు ఆ నిలువ బహు స్వల్పము. అందుచేతనే చేపని గేదె క్రింద ఎంతటి నేర్పరి కూర్చున్నను చెంబు అడుగు తడియుట కష్టము.

పిట్యూటరీ గ్రంథి సారమునకు గర్భసంచిని ముడుచుకొనజేయు శక్తి కలదని 1906లో ఆంగ్ల శాస్త్రజ్ఞుడు హెన్రీ డేల్ తెలిపెను. అమెరికా దేశీయుడగు విన్సెంట్ డ్యూ విగ్నోడ్ 1953లో ఈ హార్మోను తొమ్మిది అమైనో ఆమ్లముల గొలుసని నిరూపించి, ప్రయోగశాలలో దానిని తయారుచేసెను. 1955లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. 1941లో ఈలీ, పీటర్సన్ అను వారు చేసిన పరిశోధన మన రైతులకు మరింత దగ్గరిది. పాలు పిదుకువేళ కాగితపు సంచులను ఫట్టున ప్రేల్చి ఆవును బెదరించినచో అది చేపుట మానుచున్నదని వారు కనుగొనిరి. భయమున పుట్టు అడ్రినలిన్ ఇందుకు అడ్డుపడును. పాకలో కేకలు వేసి, కఱ్ఱతో కొట్టి పాలు పిండజూచువారు తమ నష్టమును తామే కొనితెచ్చుకొనుచున్నారు.

ఈ హార్మోను పని పొదుగుతో ముగియదు. గొఱ్ఱె ఈనునపుడు పిల్ల బయటకు వచ్చు మార్గము సాగుటవలన మెదడు లోపల కూడ ఆక్సిటోసిన్ ఊరును. తల్లి పిల్లను నాకుచు రెండు మూడు గంటలలోపున దాని వాసనను గుర్తుపట్టును. ఆపై పరాయి పిల్ల వచ్చినచో తలతో పొడిచి తరుమును. తల్లి లేని పిల్లకు వేఱొక తల్లి ఉమ్మనీటిని పూసి అంటగట్టు కాపరులు ఈ సూత్రమునే వాడుకొనుచున్నారు. 1987లో కెండ్రిక్, కెవర్న్ మున్నగు శాస్త్రజ్ఞులు చూలు లేని గొఱ్ఱెల మెదడులోనికి ఈ ద్రవమును పంపగా, అవి తమవి కాని పిల్లలను చేరదీసినవి.

అమెరికా పచ్చికబయళ్ళలో ప్రెయిరీ వోల్ అను చిట్టెలుక వంటి జంతువు కలదు. దానిలో ఆడ, మగ జతగూడి కలిసి కాపురముండును. ఈ బంధమునకు ఆక్సిటోసిన్, వాసోప్రెసిన్, డోపమిన్ అను మూడును తోడ్పడునని పెక్కు పరిశోధనలు చెప్పినవి. అయితే ఆక్సిటోసిన్‌ను గ్రహించు జన్యువును తొలగించినను ఆ జంతువులు జతకట్టినవని 1923లో కాదు, మొన్నమొన్న 2023లోనే వెల్లడియైనది. కావున పత్రికలు దీనికి "ప్రేమ హార్మోను" అని పేరిడుట తొందరపాటని మా అభిప్రాయము. జీవకణముల గుట్టు శోధించు సి.సి.ఎం.బి. వంటి గొప్ప సంస్థ ఈ పాకకు కొద్ది మైళ్ళలోనే యున్నది. దూడ కుమ్ములో కూడ అంతటి శాస్త్రమే ఇమిడియున్నది.

దూడ చచ్చిన గేదె చేపదు. పూర్వము దూడ చర్మములో గడ్డి కూరి ఎదుట నిలిపెడివారు. ఇప్పుడు కొందఱు పూటపూటకు ఆక్సిటోసిన్ సూది వేయుచున్నారు. రక్తములో ఎక్కించిన మందు మెదడులోనికి పోవునది అత్యల్పము. అది పాలను దింపునే గాని తల్లిని చేయజాలదు. పాల దిగుబడికై హానికరమగు మందులను పశువునకు ఎక్కించుట 1960 నాటి జంతుహింస నివారణ చట్టము 12వ విభాగము క్రింద నేరము. రెండేండ్ల వరకు జైలు, వేయి రూపాయల వరకు జరిమానా, పశువు జప్తు. అట్లని మందునే లేకుండ చేయరాదు. కాన్పు కాగానే తల్లికి పది యూనిట్ల ఆక్సిటోసిన్ ఇచ్చుటవలన ప్రాణాంతకమగు రక్తస్రావము అరికట్టబడును. 2018 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వము ప్రైవేటు సంస్థలు దీనిని దేశీయ వినియోగమునకు తయారుచేయరాదని ఉత్తరువు చేయగా, ఆ డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు దానిని కొట్టివేసినది. బాలింతలకు మందు కొఱతపడునను భయము ఆ వ్యాజ్యములో ముఖ్యాంశము. బిడ్డను గంటలోపున రొమ్మునకు చేర్చినచో తల్లి దేహమే ఈ హార్మోనును విడుదల చేయును. పాలు దిగును, గర్భసంచియు ముడుచుకొనును.

పాకలో చివరి గేదె దూడ చనిపోయి వారము దినములైనదట. పెద్దమనిషి దాని ముందు దాణా పెట్టి, గోరువెచ్చని నీటితో పొదుగు కడిగి, అరచేతితో నిమురుచు కూర్చుండెను. సూది వేయరాదా అని మేము అడిగితిమి. "సూదికి మరిగితే సూది లేంది చేపదు సారూ. రోజూ ఇదే యాళ్లకు, ఇదే చెయ్యి పడాలె. నిన్న అద్దశేరు ఇచ్చింది" అని అతడు మరల పొదుగు నిమురసాగెను.