పెదవి మొద్దుబారినా పన్ను మొద్దుబారదు

రాత్రంతా కంటికి కునుకు లేకుండా చేసిన పంటినొప్పితో వైద్యుని వద్దకు వెళ్తాము. ఆయన మత్తు సూది వేస్తారు. కాసేపటికి కింది పెదవి మొద్దుబారుతుంది. ఇక భయం లేదనుకుంటాము. కానీ డ్రిల్లు పంటి లోపలి గుజ్జును తాకగానే ప్రాణం విలవిలలాడుతుంది. ఈ ఒక్క అనుభవంతో రూట్ కెనాల్ పేరు వింటేనే బెదిరిపోయి, నిలుపుకోదగిన పన్నును పీకించుకునేవారు మనలో ఎందరో ఉన్నారు.

ఇది రోగి పిరికితనం కాదు. ప్రతిసారీ వైద్యుని లోపమూ కాదు. వాచిన గుజ్జులోని నరాలు చిన్నపాటి తాకిడికే తీవ్రంగా స్పందిస్తాయి. నొప్పి సంకేతాన్ని మోసే సోడియం మార్గాలను మూసివేయడమే మత్తుమందు పని. వాటిలో కొన్ని రకాలు మందుకు అంతగా లొంగవు. అందుకే కింది దవడ నరానికి వేసే సూది, వాచిన దవడపన్ను విషయంలో తరచూ విఫలమవుతుంది.

దీనికి మార్గాలున్నాయి. 1943లో స్వీడన్‌లో తయారైన లిడోకెయిన్ నేటికీ విరివిగా వాడే మందు. అది చాలనప్పుడు బుగ్గ వైపు చిగురులో ఆర్టికెయిన్ అదనంగా ఇస్తారు. పంటికీ ఎముకకూ నడుమనున్న సందులోకి గానీ, నేరుగా ఎముకలోకి గానీ మందు ఎక్కించే పద్ధతులూ ఉన్నాయి. చికిత్సకు గంట ముందు ఐబుప్రోఫెన్ తీసుకుంటే సూది ఫలించే అవకాశం పెరుగుతుందని పరిశోధనలు చూపాయి. అయితే కడుపులో పుండ్లు, మూత్రపిండాల వ్యాధి, ఆస్తమా ఉన్నవారు, గర్భిణులు వైద్యుని అనుమతి లేనిదే దానిని ముట్టరాదు. గుజ్జు వాపు వల్ల కలిగే నొప్పిని యాంటీబయాటిక్ మాత్రలు తగ్గించవు.

మన వంతు బాధ్యత కూడా ఉంది. గతంలో సూది పనిచేయకపోతే ఆ సంగతి ముందే చెప్పాలి. సూదిమందులో తరచూ అడ్రినలిన్ కలుపుతారు కనుక గుండెజబ్బు, రక్తపోటు ఉంటే దాచరాదు. డ్రిల్లు పెట్టక ముందే పంటికి చల్లదనం తాకించి పరీక్షించమని అడగవచ్చు. నొప్పి కలిగితే చేయి ఎత్తుతామని, అప్పుడు ఆపాలని ముందే మాట్లాడుకోవాలి.

ఇంట్లో తల్లికో బిడ్డకో ఈ చికిత్స జరుగుతుంటే "కాస్త ఓర్చుకో" అంటుంటాము. ఓర్పు గొప్ప గుణమే. కానీ తొలగించగల నొప్పిని నోరు విప్పి చెప్పకపోవడం ఓర్పు కాదు. ఆ ఒక్క మాట చెబితే, పన్ను నిలిచే అవకాశం దక్కుతుంది.