ఈసీ ఖాళీగా వచ్చిందా? అప్పుడే సంబరపడకండి!

ఉద్యోగం వచ్చిన ఏడాదికో రెండేళ్లకో మీ ఇంట్లోనూ ఆ మాట వస్తుంది: 'ఎక్కడైనా ఓ ఇల్లు చూద్దామా?' అప్పుడు కాగితాలు చదవాల్సింది చదువుకున్న మీరే. మా ఇంట్లో 2023లో ఆ పని నా మీద పడింది. ఇచ్ఛాపురంలో నాలుగు సెంట్ల స్థలం, రెండు గదుల పెంకుటిల్లు. ఉద్దానంలో ఉన్న జీడితోట అమ్మిన సొమ్ము, అన్నయ్య గల్ఫ్ నుంచి పంపిన సొమ్ము కలిపి మా నాన్న బేరం కుదుర్చుకొచ్చారు. గురువారం రెండు లక్షలు బయానా ఇవ్వాలి. మంగళవారం రాత్రి నేను ఫోన్‌లో రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ తెరిచి, ఇంటి నంబరు కొట్టి ఈసీ తీశాను. లావాదేవీలేమీ లేవని వచ్చింది. 'క్లియర్ నాన్నా' అన్నాను, ఇంజినీరింగ్ చదివినందుకు ఇదైనా చేశానని గర్వంగా.

మర్నాడు నాన్నకు తెలిసిన లాయరుగారు ఒకటే అడిగారు: 'ఏ నంబరు మీద తీశావు బాబూ?'

సర్వే నంబరుతో మళ్లీ వెతికితే రెండు ఎంట్రీలు బయటపడ్డాయి. ఒకటి, 2011 నాటి భాగపరిష్కార దస్తావేజు. రెండోది, ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టి తీసుకున్న అప్పు. పాత దస్తావేజుల్లో ఇంటి నంబరే రాయలేదు, అందుకే నా వెతుకులాటకు దొరకలేదు.

డేటాబేస్ పాఠం
మనం ల్యాబ్‌లో రాసిన క్వెరీ సంగతే ఇది. తప్పు కాలమ్‌లో వెతికితే సున్నా రికార్డులు వస్తాయి. అంటే రికార్డు లేదని కాదు, మనం అడిగిన చోట లేదని. అందుకే ఇంటి నంబరు, పాత ఇంటి నంబరు, సర్వే నంబరు, ప్లాట్ నంబరు... ఒక్కోదానితో విడివిడిగా వెతకాలి. లాయర్లు, బ్యాంకులు మామూలుగా 30 ఏళ్ల చరిత్ర అడుగుతారు. వెబ్‌సైట్‌లో చూసుకున్నది మన అవగాహనకే. సంతకం ఉన్న ఈసీ విడిగా తీసుకోవాలి.

ఇంకో మాట. ఈసీలో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలే. రిజిస్టర్ చేయని వీలునామా, నోటి పంపకం, తెల్లకాగితం ఒప్పందం, కోర్టులో నడుస్తున్న దావా అందులో ఉండకపోవచ్చు. దావా సంగతి ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో పార్టీల పేర్లతో వెతకొచ్చు. కాగితాలు తాకట్టు పెట్టి తీసుకున్న అప్పుల కోసం సెర్సాయ్ పోర్టల్‌లో కొద్దిపాటి ఫీజు కట్టి చూడొచ్చు.

చెల్లెలి సంతకం ఎక్కడ?
లాయరుగారి సలహాతో సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి ఆ దస్తావేజుల సర్టిఫైడ్ కాపీలు తెచ్చాం. అమ్మే ఆయన తండ్రి 1979లో ఆ స్థలం కొన్నారు. వీలునామా రాయకుండా పోయారు. 2011లో అన్నదమ్ములిద్దరూ పంచుకున్నారు. కానీ ఆ తండ్రికి ఓ కూతురు కూడా ఉంది, పెళ్లయి బరంపురంలో ఉంటోంది. దస్తావేజులో ఆమె పేరే లేదు.

1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేకుండా పోయిన తండ్రి సొంత ఆస్తిలో కొడుకులతో సమానంగా కూతురికీ వాటా ఉంటుంది. పెళ్లయిందా లేదా అన్నది లెక్కలోకి రాదు. పూర్వీకుల ఉమ్మడి ఆస్తిలోనూ 2005 సవరణ కూతుళ్లకు సమాన హక్కు ఇచ్చింది. మేం అలాగే కొనేసుంటే, రేపు ఆవిడో ఆవిడ పిల్లలో దావా వేస్తే మా జీడితోట సొమ్ము కోర్టు మెట్ల మీదే ఉండేది.

అమ్మే ఆయన మోసగాడేం కాదు. 'పెళ్లికి పెట్టుపోతలు అన్నీ ఇచ్చేశాం కదా' అనుకున్నారంతే. నాన్నకేమో మొహమాటం. 'పెద్దమనిషిరా, అనుమానిస్తే ఏటనుకుంటాడు?' అన్నారు. కాగితం అడగడం అనుమానించడం కాదని నచ్చజెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. బయానా ఆగింది. బ్యాంకు అప్పు తీరి, ఒరిజినల్స్ చేతికొచ్చాయి. బరంపురం నుంచి ఆమె వచ్చి క్రయ దస్తావేజులో అన్నలతోపాటు సంతకం పెట్టారు. ఆమె వాటా ఆమె ఖాతాకే వెళ్లింది. రెండు నెలలు ఆలస్యమైంది, అంతే.

రిజిస్ట్రేషన్ అయితే చాలదా?
చాలదు. మన దగ్గర 1908 నాటి చట్టం కింద రిజిస్టరయ్యేది దస్తావేజు, హక్కు కాదు. లేని హక్కును రిజిస్టర్ చేసినా అది పుట్టుకురాదు. హక్కుకే ప్రభుత్వం హామీ ఇచ్చే పద్ధతి కోసం రాష్ట్రంలో 2022లో చేసిన చట్టం వివాదాల మధ్య 2024లో రద్దయింది. కాబట్టి గొలుసులో ప్రతి లింకూ చూసుకోవాల్సింది కొనేవాళ్లే.

మన ప్రాంతంలో ఆ గొలుసు పొడవు కూడా ఎక్కువే. 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు గంజాం జిల్లాలో ఎక్కువ భాగం అటు వెళ్లింది, ఇచ్ఛాపురం ఇటు మిగిలింది. టెక్కలి, మందస లాంటి జమీందారీ భూములకు 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే సర్వే, సెటిల్‌మెంట్ రికార్డులు తయారయ్యాయి. పాత పేర్లు, కొత్త నంబర్లు కలవకపోతే ఆ రికార్డు దాకా వెళ్లాల్సిందే.

బయానాకు ముందు...
* లింకు దస్తావేజులన్నీ వరసగా చదవండి. అమ్మినవాళ్లకు అంతకుముందు ఎలా వచ్చిందో ప్రతి మెట్టులో తేలాలి.
* ఒరిజినల్స్ కళ్లారా చూడండి. '2018 తిత్లీలో తడిసి పోయాయి' అంటే నిజమే కావచ్చు, బ్యాంకులోనూ ఉండొచ్చు.
* ఆ సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చూడండి. ప్రభుత్వ, దేవాదాయ, అసైన్డ్ భూములు అందులో ఉంటాయి.
* జీపీఏ, అగ్రిమెంట్ మీద అమ్మితే హక్కు రాదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చింది.
* టేపు పట్టుకుని హద్దులు కొలవండి. నాలుగు సెంట్లు అంటే సుమారు 194 చదరపు గజాలు.
* ఆస్తి బేరంలో 20 వేలు, ఆపైన బయానా నగదుగా తీసుకోకూడదు. బ్యాంకు ద్వారా ఇస్తే మీకూ సాక్ష్యం.
* చివరి మాట లాయరుదే కావాలి. నాలా ఫోన్ చూసి 'క్లియర్' అనేయొద్దు.

ఇందులోనే ఉద్యోగాలు
గృహరుణం ఇచ్చే ప్రతి బ్యాంకుకూ, హౌసింగ్ ఫైనాన్స్ సంస్థకూ రెండు నివేదికలు కావాలి: లీగల్, టెక్నికల్. మొదటిది ప్యానెల్ లాయర్లు రాస్తారు. డిగ్రీ తర్వాత లాసెట్ రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేస్తే ఈ దారి తెరుచుకుంటుంది. రెండోది స్థలాన్ని కొలిచి విలువ కట్టే పని, సివిల్ ఇంజినీర్లకు సరిపోతుంది. ఇంటర్వ్యూకు వెళ్లేవాళ్లు కనీసం ఒక ఈసీ, ఒక దస్తావేజు చదివి వెళ్తే తేడా తెలుస్తుంది.

సాధనకు కోచింగ్ అక్కర్లేదు. ఈసారి ఊరెళ్లినప్పుడు బీరువాలో మీ ఇంటి దస్తావేజు బయటకు తీయండి. ఎవరి నుంచి ఎవరికి, ఏ ఏడాది, ఏ సర్వే నంబరు, ఎవరెవరి సంతకాలు... ఓ కాగితం మీద పట్టిక వేయండి. ఆ ఇంటి ఆడపిల్లల సంతకాలు ఉన్నాయో లేదో మొదట చూడండి.