అపాయాన్ని ముందుగా తెలియజెప్పడం

లోతైన గాజుపాత్రలో ఒక పొట్టి కొవ్వొత్తిని, ఒక పొడుగు కొవ్వొత్తిని నిలిపి వెలిగించండి. పాత్ర అడుగున కొంచెం వంటసోడా చల్లి, అంచు వెంబడి నెమ్మదిగా నిమ్మరసం పోయండి. నురుగు లేస్తుంది. కొన్ని క్షణాలలో పొట్టి కొవ్వొత్తి ఆరిపోతుంది; పొడుగుది మరికొంతసేపు వెలుగుతూనే ఉంటుంది. ఇలా ఎందుకు జరుగుతుంది? వెలువడిన బొగ్గుపులుసు వాయువు గాలికన్న బరువైనది. దాని అణుభారం 44. గాలి సగటు అణుభారం సుమారు 29. అందువల్ల అది అడుగున పేరుకొని, నీరు నిండినట్లు క్రమంగా పైకి వస్తుంది.

ఈ ప్రయోగాన్ని ఏ పాఠశాలలోనైనా చేయవచ్చును. ఇందులో ఉన్నది చిన్న విషయమే. కాని కర్మాగారం ప్రక్కన నివసించే వారికి ఇటువంటి చిన్న విషయాలను ముందుగా చెప్పి ఉంచడమా, చెప్పకపోవడమా అనేది ప్రాణాలతో ముడిపడిన సమస్య. మన దేశంలో జరిగిన రెండు దుర్ఘటనలు ఈ సంగతిని తేటతెల్లం చేస్తాయి.

మొదటిది భోపాలు దుర్ఘటన. అక్కడి యూనియన్ కార్బైడ్ కర్మాగారంలో క్రిమిసంహారక మందుల తయారీకి మిథైల్ ఐసోసయనేట్ అనే ద్రవాన్ని నిలువ చేసేవారు. ఇది 39 డిగ్రీల సెంటిగ్రేడు వద్దనే మరుగుతుంది. నీటితో కలిస్తే తీవ్రంగా వేడి పుట్టిస్తుంది. 1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి ఒక తొట్టిలోనికి నీరు చేరింది. ద్రవం మరిగి, సుమారు 40 టన్నుల విషం బయటపడి నగరం మీదికి ప్రాకింది. దీని అణుభారం 57, అనగా గాలికి దాదాపు రెట్టింపు. వాయువు నేలను అంటిపెట్టుకొని పోయింది. పొట్టి కొవ్వొత్తికి పట్టిన గతి పసిపిల్లలకు, నేలపై పడుకున్నవారికి పట్టింది.

ఊరివారికి వినిపించవలసిన సైరను ఆ రాత్రి కొద్దిసేపు మ్రోగి ఆగిపోయింది. చిన్న చిన్న లీకులకు జనం బెదిరిపోకూడదని కర్మాగారంలో అటువంటి పద్ధతి పెట్టుకున్నారు. తరువాత మళ్ళీ మ్రోగేసరికి వీథులు విషంతో నిండిపోయాయి. ఆ సైరనుకు అర్థమేమిటో, విన్నప్పుడు ఏమి చేయవలెనో ప్రజలకు అంతకుముందు ఎవరూ చెప్పి ఉండలేదు. ఇండ్లు విడిచి పరుగు తీసినవారిలో చాలామంది గాలి వీచే దిక్కునకే పరుగెత్తారు. పరుగెత్తేవాడు ఎక్కువ గాలి పీలుస్తాడు. అందువల్ల ఎక్కువ విషమూ పీలుస్తాడు. వచ్చినది ఏ వాయువో, దానికి చికిత్స ఏమిటో ఆసుపత్రులలోని వైద్యులకు కూడా తెలియలేదు. ప్రభుత్వ లెక్కల ప్రకారమే వేలమంది మరణించారు.

మిథైల్ ఐసోసయనేట్ నీటితో కలిసి మార్పు చెందుతుందని రసాయనశాస్త్రానికి ఏనాడో తెలుసు. కనుక తడిగుడ్డను ముఖానికి అడ్డుపెట్టుకొంటే లోపలికి పోయే విషం కొంత తగ్గుతుంది. అది సంపూర్ణ రక్షణ కాదు గాని, ఏమీ లేనిదానికన్న ఎంతో మేలు. తలుపులు, కిటికీలు మూయడం, వెళ్ళవలసి వస్తే గాలికి అడ్డంగా నడచి ఎత్తైన చోటికి చేరడం కూడా అటువంటివే. ఈ మూడు మాటలు చెప్పడానికి యంత్రాలు అక్కరలేదు, ధనమూ అక్కరలేదు. రాజకుమార్ కేస్వానీ అనే పత్రికా రచయిత కర్మాగారంలోని అపాయాన్ని గురించి 1982లోనే వ్రాశాడు. వినవలసినవారు వినలేదు.

“వాసన తగలగానే తప్పుకొంటే చాలదా?” అని విద్యార్థులు తరచు అడుగుతారు. చాలదు. మిథైల్ ఐసోసయనేటు పనిచేసే చోట్ల 5 కోట్ల వంతుల గాలిలో 1 వంతుకు మించి ఉండరాదని అమెరికాలో పరిమితి విధించారు. వాసన తెలియాలంటే సుమారు దానికి నూరు రెట్లు ఉండవలె. అంటే ముక్కు హెచ్చరించేసరికి ఆలస్యమైపోతుంది. స్టైరీను సంగతి దీనికి తలక్రిందులు. 10 లక్షల వంతుల గాలిలో 1 వంతుకన్న తక్కువ ఉన్నా దాని తీపి వాసన తెలుస్తుంది. ప్రాణానికి తక్షణ ప్రమాదమని అమెరికా నిపుణులు నిర్ణయించిన మోతాదు 700 వంతులు. ఇక్కడ వాసన సోకినంత మాత్రాన ప్రాణభయం లేదు. అందుచేత ఏ పదార్థానికి ఆ పదార్థం గురించి చెప్పవలసిందే. అన్నిటికీ ఒకే సూత్రం పనికిరాదు.

ఆ స్టైరీనే రెండవ దుర్ఘటనకు కారణం. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్నంలోని ఆర్.ఆర్. వెంకటాపురం వద్ద, ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారంలోని తొట్టినుండి స్టైరీను బాష్పం బయటపడింది. ఈ ద్రవాన్ని చల్లగా ఉంచకపోతే అణువులు ఒకదానితో ఒకటి గొలుసుగా కలుస్తాయి. అలా కలిసేటప్పుడు వేడి పుడుతుంది. ఆ వేడివల్ల మరిన్ని అణువులు కలుస్తాయి. లాక్‌డౌను వల్ల పని ఆగిన రోజులలో జరిగినది ఇదే. అణుభారం 104 గల ఆ బరువైన బాష్పం నిద్రపోతున్న ఊరిమీద పరచుకొన్నది. 12 మంది మరణించారు. వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. సైరను మ్రోగించడానికి కర్మాగారంలో 36 చోట్ల ఏర్పాటు ఉన్నా ఎక్కడా మ్రోగించలేదని ప్రభుత్వం నియమించిన విచారణ సంఘం తెలిపింది. భోపాలులో సైరను ఆలస్యమైంది. ఇక్కడ మ్రోగనే లేదు.

ముందే చెబితే ప్రజలు బెదిరిపోతారని కొందరు వాదిస్తారు. కాని బెదురు పుట్టేది తెలియనితనం నుండి. విశాఖలో ఆనాటి రాత్రే మళ్ళీ వాయువు వెలువడుతున్నదన్న వార్త వ్యాపించగా, జనం ఇండ్లు వదలి రోడ్లమీదికి వచ్చారు. ఏది నిజమో తేల్చుకొనే సాధనం వారి చేతిలో లేదు.

అపాయకరమైన వస్తువు ఉండడం వేరు, దానివల్ల మనకు హాని కలగడం వేరు. బోనులో ఉన్న పులి అపాయకరమైనదే. గడియ సరిగా ఉన్నంతకాలం హాని కలిగే అవకాశం తక్కువ. “ఏ భయమూ లేదు” అని చెప్పడం శాస్త్రం కాదు. “అంతా విషమే” అనడమూ శాస్త్రం కాదు. అపాయాన్ని చెప్పేవారు నాలుగు ప్రశ్నలకు జవాబు ఇవ్వవలె: ఉన్న పదార్థం ఏది? ఎంత ఉన్నది, ఎంత దూరం సోకగలదు? అటువంటి సంఘటన జరగడానికి అవకాశం ఎంత? జరిగితే మనం ఏమి చేయవలె? నాలుగవదానికి జవాబు లేని హెచ్చరిక వట్టి చప్పుడు మాత్రమే.

ఇది దయతో చేసే పని కాదు, చట్టం విధించిన బాధ్యత. భోపాలు అనుభవం తరువాత 1987లో ఫ్యాక్టరీల చట్టానికి చేర్చిన 41బి నిబంధన, అపాయకరమైన పనులు చేసే యాజమాన్యం ఆ అపాయాలను, వాటినుండి తప్పించుకొనే విధానాలను కార్మికులకే గాక చుట్టుప్రక్కల ప్రజలకు కూడా తెలియజేయవలెనని విధించింది. 1996 నాటి నియమాల క్రింద జిల్లా కలెక్టరు అధ్యక్షతన ఇందుకొక సంఘం ఉండవలె.

ఉపాధ్యాయులు ఈ పనికి ఎంతగానో తోడ్పడగలరు. పిల్లలచేత ఊరి పటం గీయించి, దగ్గరలోని కర్మాగారాలను, మంచు కర్మాగారపు అమ్మోనియాను, నీటిశుద్ధి కేంద్రపు క్లోరీనును గుర్తింపజేయండి. అగరువత్తి పొగతో గాలి దిక్కు కనిపెట్టడం నేర్పండి. అక్కడి సైరనుకు అర్థమేమిటని ఆయా యాజమాన్యాలకు పిల్లలచేతనే ఒక ఉత్తరం వ్రాయించండి. వచ్చిన జవాబును తరగతిలో అందరూ వినేటట్లు చదివించండి. రాకపోతే, రాలేదన్న సంగతిని కలెక్టరుగారికి వ్రాయించండి. రెండు కొవ్వొత్తుల పాఠం అప్పుడే పూర్తి అయినట్లు.