గిలక బిగిసినపుడు

సైకిలు టైరు చిరిగినచోట లోపలి ట్యూబు బుడగవలె పొంగుట మీరు చూచియుందురు. పొట్టగోడ బలహీనపడినచోట ప్రేగు ఇట్లే బయటికి చొచ్చుకొని వచ్చును. దీనినే హెర్నియా, వాడుకలో గిలక అందురు. పురుషులలో ఇది గజ్జలోనే హెచ్చు. గర్భస్థశిశువు పొట్టలో పుట్టిన వృషణము క్రిందికి దిగివచ్చిన మార్గమే తరువాత ప్రేగునకును దారి యగును.

పడుకొనిన లోనికి పోవుచు, నిలిచిన బయటికి వచ్చుచున్నంతకాలము రోగి దానిని లెక్కచేయడు. కొబ్బరికాయంత పెరిగినను, ఇన్నేండ్లు ఏమీ కానిది ఇప్పుడేమగునని ధీమా. సిగ్గు మరొక కారణము. 1737లో మరణించిన ఇంగ్లండు రాణి కరొలైన్ తన బొడ్డువద్ద హెర్నియాను ఏండ్లతరబడి దాచినది.

నిజమునకు అపాయము గిలక పరిమాణములో కంటె అది దూరివచ్చిన కంతలో ఉన్నది. దగ్గినపుడో, బరువెత్తినపుడో మరికొంత ప్రేగు దూరినచో కంత దానిని ఉరివలె బిగించును. సిరలలో రక్తపు ఒత్తిడి తక్కువ కనుక మొదట అవి మూసుకొనును. ధమనులు మాత్రము ఇంకను రక్తమును పంపుచునే యుండును. పోవుదారి లేక ప్రేగు వాచును. వాచినకొలది ఉరి బిగియును. తుదకు ధమనులును మూసుకొనును. సుమారు ఆరుగంటలలోనే ప్రేగు చచ్చుట ఆరంభము కావచ్చును. గిలక గట్టిపడి లోనికి పోకుండుట, తాకనీయని నొప్పి, వాంతులు, పొట్ట ఉబ్బరము కనిపించినచో వెంటనే ఆసుపత్రికి పోవలెను. ఇంటిలో బలవంతముగా నొక్కరాదు. చచ్చిన ప్రేగు కంటబడకుండ పొట్టలోనికి పోవచ్చును.

ఆసుపత్రిలో ముందు సిరలోనికి లవణద్రవము ఎక్కించి, ముక్కుద్వారా గొట్టము వేసి కడుపులోని ద్రవమును లాగివేయుదురు. పిమ్మట మత్తిచ్చి గజ్జవద్ద కోయుదురు. ఉరిని వెంటనే తెంపవలెనని మనకు తోచును. శస్త్రవైద్యుడు అట్లు చేయడు. మొదట తిత్తిని తెరచి, అందలి మలిననీటిని తుడిచి, ప్రేగును చేతబట్టుకొని, తరువాతనే ఉరిని కోయును. లేనిచో ప్రేగు లోనికి జారిపోవును. అది బ్రతికినదో చచ్చినదో చూచుటకు వీలుండదు.

నల్లబడిన ప్రేగుపై వెచ్చని ఉప్పునీటి గుడ్డ కప్పి, రోగికి ఆమ్లజని హెచ్చించి, కొన్ని నిమిషములు ఊరక వేచియుందురు. గదిలో అందరి చూపును ఆ గుడ్డమీదనే. రంగు, మెరుపు తిరిగివచ్చి, మెల్లగా గిల్లగా ప్రేగు ముడుచుకొనినచో దానిని లోపల పెట్టుదురు. నలుపు మారనిచో ఆ భాగమును కోసివేసి మంచి కొసలు రెండింటిని కలిపి కుట్టుదురు.

గిలక చాల పెద్దదైనచో మరొక చిక్కు. ప్రేగు చిరకాలము బయటనున్నందున పొట్టలో దానికి చోటు తగ్గియుండును. అంతయు ఒక్కసారి కుక్కినచో అది ఊపిరితిత్తుల క్రింది ఉదరవితానమును పైకి నెట్టి ఊపిరి ఆడనీయదు. అందుచే కొందరిని ఆపరేషను తరువాత శ్వాసయంత్రముపై నుంచవలసి వచ్చును.

చివరిది గోడ మరమ్మతు. ఇటలీ శస్త్రవైద్యుడు బస్సీని 1887లో ప్రకటించిన పద్ధతిలో కండరములనే కుట్టుదురు. 1980 తరువాత కృత్రిమదారముల వలను అమర్చు పద్ధతి వ్యాపించినది. కాని కుళ్ళిన ప్రేగును కోసినచోట వల పెట్టుటకు చాలమంది వైద్యులు జంకుదురు. సూక్ష్మజీవులు దానిలో తిష్ఠవేయును. అట్టి రోగికి తరచు కుట్లతోనే సరిపెట్టుదురు. గిలక మరల వచ్చు అవకాశము అతనికి ఎక్కువ.